చిటికెన వేలి కొలతతో అల్లిన వల

మొన్న ఆదివారం ఆదోనిలో ఉంటున్న మా తమ్ముణ్ణి చూసిరావాలని ఎమ్మిగనూరులో బస్సెక్కి కిటికీ పక్కన కూర్చున్నాను. నా ముందు సీట్లో ఇద్దరు కుర్రవాళ్ళు పొడవాటి సంచులు ఒళ్ళో పెట్టుకుని తెగ మాట్లాడుకుంటున్నారు. ఆ సంచుల్లో ఉన్నవి చేపల గాలాలని, మడిస్తే మూరెడు, సాగదీస్తే నిలువెత్తు అవుతాయని వాళ్ళ మాటలను బట్టి తెలిసింది. ఇంతలో ఒకడు ఫోనులో ఎవరికో చెప్పాడు: "మగ్గం వల కాడికి రాప్పా, ఆడైతే నీడ ఉంటాది. మేమూ ఆడికే పోతాండాం." ఆ మాట చెవిన పడగానే ఉండబట్టలేక వాడి భుజం తట్టి, ఆ తావుకు ఆ పేరు ఎట్లా వచ్చింది నాయనా అని అడిగాను. "ఏమో అవ్వా, అందరూ అట్లనే అంటారు. తూముకు ఇనుప జాలీ ఉంటాది, దాన్నే అంటారేమో," అన్నాడు. చెబుదామని నేను నోరు తెరిచేలోపల చెరువు స్టేజీ వచ్చింది, వాళ్ళు దిగిపోయారు. చెప్పాలనుకున్న మాట గొంతులో ఉండిపోతే నాకు ముద్ద దిగదు, అందుకని వాళ్ళకు చెప్పలేనిది మీకు చెబుతున్నాను. మగ్గం చప్పుడుకే నిద్రపోయి మగ్గం చప్పుడుకే నిద్రలేచిన నా ఈడువాళ్ళు మీలో ఉంటే, ఇందులో సగం నేను చెప్పకముందే మీకు తెలిసిపోతుంది.

మా నాయన నేతగాడు. ఎమ్మిగనూరులో మా ఇంటి ముందరి గదిలోనే గుంత మగ్గం ఉండేది. నూలు ఎంత సన్నమైతే ఆయనకు అంత సంబరం, నేత ఎంత దగ్గరగా ఉంటే ఆయనకు అంత గర్వం. నేసిన బట్టను వెలుతురుకు అడ్డం పట్టి చూసి, ఎక్కడైనా దారానికీ దారానికీ మధ్య సందు కనిపించిందా, ఇక ఆ పూట ఇంట్లో ఎవరితోనూ మాట్లాడేవాడు కాదు. సందు కనపడితే అది నేత కాదు, తడిక అనేవాడు. ఈ మాట కాస్త గుర్తుపెట్టుకోండి, తర్వాత జరిగిన రభసకంతా మూలం ఇదే.

అమావాస్య నాడు మగ్గం ఆడకూడదని మా పెద్దల కట్టుబాటు. ఆ రోజు మిగతా నేతగాళ్ళు తలకు పోసుకుని, అరుగుల మీద కూర్చుని, ఊరి కబుర్లన్నీ చెప్పుకునేవాళ్ళు. మా నాయన మాత్రం పొద్దు పొడిచేసరికల్లా గాలం కట్టె, ఎరకు జొన్నపిండి ముద్ద, మాకు రొట్టెలూ చెనిక్కాయల పొడీ మూటగట్టుకుని, నన్ను వెంటబెట్టుకుని ఆదోని బాటలో ఉన్న ఆ చెరువుకు బయలుదేరేవాడు. నెల పొడుగునా గుంతలో కాళ్ళు పెట్టుకుని, కళ్ళు దారాలకు అంటించుకుని కూర్చున్న మనిషికి అంత నీళ్ళ ముందర కూర్చోవడమే పెద్ద పండగ. చేప పడిందా లేదా అన్నది ఆయనకు తర్వాతి సంగతి, మా అమ్మకు మాత్రం అదే ముందు సంగతి.

ఆ చెరువును నమ్ముకుని చేపలు పట్టి బతికే కుటుంబాలు కొన్ని ఉండేవి. వాళ్ళలో పెద్దదిక్కుగా ఉన్నాయన్ను నేను మామ అనేదాన్ని, ఆయన భార్యను అత్త అనేదాన్ని. రక్తసంబంధమేమీ లేదు. మా నాయనా ఆయనా ఒకరినొకరు బావా అని పిలుచుకోవడం మొదలుపెట్టారు, ఆ వరసకు మేమంతా సర్దుకున్నాం. మామ మెత్తని మనిషి, ఎదుటివాళ్ళ మొహం మీద కాదనడం ఆయనకు చేతకాదు. ఆయన అనలేనివన్నీ అత్త అనేది. అత్తది హొళగుంద పక్క ఊరు. మాట తెలుగులో మొదలుపెట్టి కోపం రాగానే కన్నడంలోకి దిగేది, చాలు అనాల్సిన చోట సాకు అనేది. ఆమె సాకు అన్నదంటే చెరువు గట్టు మీద ఎంతటి మొనగాడైనా నోరు మూసుకోవాల్సిందే.

చెరువుకు కొన్ని కట్టుబాట్లుండేవి. తొలకరికి వంక పారి కొత్తనీరు రాగానే చేపలు ఆ నీటికి ఎదురెక్కి గుడ్లు పెడతాయి, కాబట్టి అప్పటినుంచి పిల్లలు తేరుకునేదాకా చెరువులో వల గానీ గాలం గానీ పడకూడదు. ఆ రోజుల్లో మేము చెరువుకు వెళితే ఉత్త చేతులతో వెళ్ళి, రొట్టెలు తిని, మామతో కబుర్లాడి వచ్చేవాళ్ళం. వంక మూతి దగ్గరైతే ఏ కాలంలోనూ ఎవరూ కాలు పెట్టకూడదు. మిగతా కాలంలో సరదాకు గాలం వేసే మాబోటి పట్నంవాళ్ళు తూము పక్కనున్న బండల మీదే కూర్చోవాలి, ఇంటి కూరకు సరిపోయినన్ని పట్టుకోవాలి, వాటిని సంతలో అమ్మకూడదు. కడుపుతో ఉన్న చేప పడితే విప్పి వదిలేయాలి. రైతు విత్తనాల గింజలు వండుకుంటాడా, మేమూ అంతే అని మామ ఒక్క మాటలో తేల్చేసేవాడు.

ఈ చివరి కట్టుబాటును ఒకసారి ఒక దర్జీ తప్పాడు. ఆయనా మా ఎమ్మిగనూరు మనిషే, మాతోపాటే గాలానికి వచ్చేవాడు, నాకు చిన్నాయన వరస. కడుపు నిండా గుడ్లున్న చేప పడితే వదలడానికి మనసొప్పక, సద్ది తెచ్చుకున్న క్యారియరులో దాచి మూత బిగించాడు. అత్త ఎట్లా పసిగట్టిందో ఏమో, వచ్చి ఎదురుగా కూర్చుని, "ఏం తెచ్చుకున్నావప్పా సద్ది, నాకింత రుచి సూపించు," అంది. ఆయన నీళ్ళు నములుతుండగానే క్యారియరు లోపల్నుంచి టపటపమని కొట్టుకోవడం మొదలైంది. చేపను నీళ్ళలో వదిలించి, ఆ పూటంతా ఆయన చేత తూము దగ్గరి నాచు తీయించింది. ఆనాటినుంచి ఆయన చనిపోయేదాకా ఆ గట్టు మీద ఆయన పేరు క్యారియరన్నే. అయినా పాపం, మళ్ళీ అమావాస్యకు ఆయన వస్తే రావద్దన్నవాళ్ళు లేరు.

మా తమ్ముడు పుట్టినప్పుడు మా అమ్మ బాగా నీరసించిపోయింది. లేచి నిలబడితే కళ్ళు తిరిగేవి, పిల్లవాడికి పాలు చాలేవి కావు. మా జేజి, అదే మా నాయనమ్మ, మొక్కని దేవుడు లేడు. ఈ సంగతి నాయన చెరువు గట్టున ఏదో మాటల్లో అన్నాడట, అంతే. ఆనాటినుంచి అమ్మ కోలుకునేదాకా కొరమీను మా ఇంటికి వస్తూనే ఉండేది. ఎవరు ఎమ్మిగనూరు సంతకు వస్తే వాళ్ళ చేత, తడిగుడ్డలో చుట్టి మామ పంపేవాడు. మిరియాలు దంచి వేసి జేజి కాచిన ఆ చేపల చారు వాసన నాకిప్పుడు ఈ మాట రాస్తుంటే కూడా ముక్కుకు తగులుతోంది. అమ్మ లేచి తిరిగింది, తమ్ముడు బుగ్గలు పెంచాడు. మామకు ఏమిచ్చినా పుచ్చుకోలేదు. ఆ రుణం ఎట్లా తీర్చుకోవాలా అని నాయన లోలోపల నలిగిపోయేవాడు.

తర్వాత వానలు మొహం చాటేసిన కాలం వచ్చింది. చెరువు ఎండి ఎండి, తూము దగ్గర ఒక మడుగు మాత్రం మిగిలింది. మా పడమటి పల్లెల్లో పనుల్లేక దూరదేశాల పొలాలకు కూలికి పోవడాన్ని సుగ్గికి పోవడం అంటారు. ఊళ్ళకు ఊళ్ళే ఇళ్ళకు బీగాలు వేసుకుని, ముసలివాళ్ళను అరుగుల మీద వదిలి సుగ్గికి కదిలాయి. మామావాళ్ళు మాత్రం ఆ మడుగులో మిగిలిన తల్లి చేపలను పట్టకుండా, ఎవరినీ పట్టనీయకుండా, పస్తులుండి కావలి కాశారు. వాన పడితే ఇవే గుడ్లు పెట్టాలి, ఆ పిల్లలే పెరిగి పెద్దవి కావాలి. ఈ ఏటి పిల్లలు గనుక దక్కకపోతే మేమూ బీగం వేసుకుని పోవాల్సిందే బావా అని మామ చెప్పడం నేను పక్కనే ఉండి విన్నాను.

నాయనకు అప్పుడు తట్టింది, వల అల్లి ఇవ్వాలని. ఆయన మామ వలలను ఎన్నోసార్లు చూశాడు. వల కళ్ళు అంత పెద్దవిగా ఎందుకున్నాయో ఎన్నడూ అడగలేదు, తనకు తానే ఒక జవాబు చెప్పుకున్నాడు. పాపం బీదవాళ్ళు, దారం చాలక అట్లా కంతలు కంతలుగా అల్లుకున్నారు, నాబోటివాడు దగ్గరగా అల్లి ఇస్తే ఒక్క చేప జారిపోదు కదా అనుకున్నాడు. నేతగాడి బుద్ధి మరి, సందు కనపడితే ఓర్వలేడు. పగలు చీర నేసి, సాయంత్రం దారం పురిపెట్టి వల ముడులు వేసేవాడు. కన్ను కన్నుకూ కొలత తేడా రాకూడదని నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, నా చిటికెన వేలు చుట్టూ దారం తిప్పి ముడి బిగించేవాడు. నా వేలు దూరితే సరి, ఉంగరం వేలు దూరిందంటే ఆ ముడి విప్పి మళ్ళీ వేసేవాడు. ఆటకు పోనీయకుండా కూర్చోబెట్టినందుకు నేను గునిసేదాన్ని. అల్లడం పూర్తయ్యాక తుమ్మచెక్క కషాయంలో నానబెట్టి ఆరేస్తే, ఆ వల ఎర్రగా, పట్టుకుంటే పట్టుబట్టలాగా ఉంది. మా వీధివాళ్ళంతా వచ్చి చూసిపోయారు.

దేవుడు చల్లగా చూసి ఆ ఏడు తొలకరి బాగానే కురిసింది, వంక పారింది. ఆ వెంటనే వచ్చిన అమావాస్యకు నాయన వలను కొత్త తువ్వాలలో చుట్టుకుని చెరువుకు వెళ్ళాడు, వెనకాలే నేను. మామ వలను చేతుల్లోకి తీసుకుని ఆకాశానికి ఎత్తి చూశాడు, వేళ్ళతో తడిమాడు. నేత బాగుంది బావా అన్నాడే గానీ మొహంలో నవ్వు లేదు. నాయన అది గమనించే స్థితిలో లేడు. "ఇప్పుడు వల పడగూడదని నాకూ తెలుసు. శుభానికి ఒక్క విసురు ఇసురు బావా, సూసి పోతాను. ఒక్క పిల్ల కూడా తప్పించుకోదు," అన్నాడు. ఆ మాటకు మామ తల వంచుకున్నాడు. కాదనలేక, వలను భుజాన వేసుకుని మోకాలి లోతు నీళ్ళలోకి దిగాడు.

సరిగ్గా అప్పుడే అత్త కట్టెల మోపుతో గట్టు మీద వస్తోంది. చూసింది, మోపు అక్కడే పడేసి పరుగున వచ్చి మామ భుజం మీది వలను లాగేసింది. "సాకు, సాకప్పా," అని మామను కసిరి, మా నాయన వైపు తిరిగింది. "అన్నా, ఈ వల ఒక్కసారి ఏసినామంటే మా ఇంటికి మేమే బీగం ఏసుకున్నట్టు. మా వల కండ్లు పెద్దవి ఎందుకనుకున్నావు, దారం లేకనా? పిల్లలు దూరిపోయి బతకాలనే అట్ల అల్లుకుంటాం. దీంట్లో నుంచి ఏం దూరుతాది, నీళ్ళు తప్ప?"

నాయన వలను అక్కడే వదిలేసి, నా చెయ్యి పట్టుకుని రోడ్డెక్కాడు. మామ తడి కాళ్ళతో వెనకాల కొంతదూరం వచ్చి నిలబడిపోయాడు. ఇంటికి వచ్చాక నాయన గాలం కట్టెను చూరులో దోపేసి, ఇక ఆ చెరువు మొహం చూడనన్నాడు. తర్వాతి అమావాస్యకు మగ్గం ముందర ఊరికే కూర్చున్నాడు. మా అమ్మ నవ్వి, "దొంగచేప దాచిపెట్టిన క్యారియరన్ననే రానిచ్చినారు వాళ్ళు. నువ్వేం తప్పు చేసినావని మొహం దాచుకుంటాండావు?" అంది. ఆయన తప్పు చేశానని దాచుకోలేదు. తన చేతి పని అక్కరకు రాకపోవడం, అదీ ఆ ఇంటికి అక్కరకు రాకపోవడం ఆయనకు మింగుడుపడలేదు. నాకు మాత్రం అత్త మీద చెప్పలేనంత కోపం వచ్చింది.

కొన్నాళ్ళకు, మగ్గం ఆడుతుండగా, మా గడప ముందర అత్త నిలబడింది. ఆమె మా ఇంటికి రావడం అదే మొదలు. ఎవరూ పిలవకుండానే లోపలికొచ్చి మగ్గం గుంత గట్టున కూర్చుంది. నాయన తల ఎత్తలేదు, పేక పోగు లాగే నాడె అటూ ఇటూ తిరుగుతూనే ఉంది. ఆ చప్పుడు మీదుగానే ఆమె చెప్పుకొచ్చింది. పైర్లకు నీళ్ళని, చెరువు నీళ్ళు వదిలే నీరుగంటి తూము ఎత్తాడట. నీళ్ళతోపాటు చేపపిల్లలు కూడా కాలవలోకి కొట్టుకుపోవడం మొదలైందట. ఏటేటా అడ్డం పెట్టే ముళ్ళకంప ఉన్నా, దాని సందుల్లోంచి జారిపోయి మళ్ళల్లో పడి చెనిక్కాయ పొట్టు మాదిరి తేలుతుంటే చూడలేకపోయిందట. చేపలు దండిగా ఉన్న కాలంలో కొన్ని పోయినా లెక్క లేదు, ఈ ఏడు ఒక్కొక్కటీ ప్రాణమే. అప్పుడు ఆమెకు ఇంట్లో కొక్కానికి తగిలించిన మా నాయన వల గుర్తొచ్చింది. పరుగున తెచ్చి వెదురు తడికకు రెండు పొరలుగా కట్టిస్తే, మామ ఎదలోతు నీళ్ళలో నిలబడి దాన్ని తూముకు బిగించాడట. నాచు అడ్డం పడి నీళ్ళు ఆగిపోతాయని నీరుగంటి కయ్యానికొస్తే, పొద్దునా సాయంత్రం నేనే దిగి తీస్తానని ఒప్పుకుందట.

"నీళ్ళు తప్ప ఏమీ దూరదని నిన్ను తిట్టినాను గదన్నా," అంది అత్త చివరికి, "ఆ గుణమే ఇప్పుడు మమ్మల్ని నిలబెడతాంది. నన్ను తిట్టాలంటే ఆడికొచ్చి తిట్టు."

నాడె ఆగింది. నాయన మగ్గంలోంచి లేచాడు, అమావాస్య కాకుండా పని మధ్యలో ఆయన లేవడం మా ఇంట్లో ఎవరూ ఎరగరు. అత్తతోపాటే బస్సెక్కి మేమూ వెళ్ళాం. తూము దగ్గర నీళ్ళు గలగలా అవతలికి పోతున్నాయి, ఇవతల వల ముందర చీర అంచు మీది గీతల్లాగా వేలెడేసి చేపపిల్లలు గుంపులు గుంపులుగా తిరుగుతున్నాయి. నాయన చాలాసేపు చూశాడు. ఏమంటాడోనని మామ బెదురుగా నిలబడ్డాడు. నాయన పంచె ఎగ్గట్టి నీళ్ళలోకి దిగి, ఒక మూల వదులైన ముడిని వెతికి పట్టుకుని బిగించాడు. మామ ఆ పక్కనుంచి తడికను అదిమిపట్టాడు. ఇద్దరూ బావా అంటే బావా అనుకుంటూ ఆ సాయంత్రమంతా నీళ్ళలోనే ఉన్నారు. ఆ రోజు మా నాయన మొహంలో చూసిన నవ్వు తర్వాత నా పెళ్ళిలో కూడా చూడలేదు, నిజం చెబుతున్నాను.

ఆ ఏడు మామావాళ్ళ ఇంటికి బీగం పడలేదు. పిల్లలు ఎదిగాయి, చెరువు మళ్ళీ కళకళలాడింది, పెద్ద కళ్ళ వలలు మళ్ళీ నీళ్ళలో పడ్డాయి. మొదట పట్టిన కొరమీను తడిగుడ్డలో చుట్టుకుని మా ఇంటికే వచ్చింది. అప్పటినుంచి తూము వల నాయన బాధ్యత అయిపోయింది. మగ్గం మనిషి అల్లిన వల కాబట్టి ఆ తావును అందరూ మగ్గం వల అనసాగారు. నూలు వల నీళ్ళలో ఎన్నాళ్ళు నిలుస్తుంది, చీకిపోయినప్పుడల్లా కొత్తది అల్లేవాడు. నా వేలు పెరిగిపోయింది కాబట్టి, పాత వల కంటికి సరిపోయేటట్టు ఒక తుమ్మపుల్ల చెక్కి కొలతకు ఉంచుకున్నాడు. నేను కనిపిస్తే అత్త నా చెయ్యి పట్టుకుని, ఈ పిల్ల వేలే మా చెరువుకు కావలి అని అందరికీ చూపించేది. చిన్నప్పుడు సిగ్గుపడేదాన్ని, పెద్దయ్యాక ఆ మాట కోసమే వెళ్ళేదాన్ని.

నాయన పోయాక అల్లేవాళ్ళు లేకపోయారు. ఆఖరి వల చిరుగులు పడినప్పుడు అత్త దానిలోంచి జానెడు ముక్క కత్తిరించుకుని ఎమ్మిగనూరులో వెల్డింగు అంగడికి తీసుకొచ్చి, ఇదే కొలతకు ఇనుప జాలీ కావాలని కూర్చుంది. ఇంత సన్నంగా ఎవరు చేయించుకుంటారవ్వా అని వాడు విసుక్కుంటే, ఇంతకంటే పెద్ద కంత పెట్టినావంటే తీసుకోను అని భీష్మించిందట. దారి మధ్యలో మా ఇంటికి వచ్చి ఆ ముక్క నాకు చూపించి, నీ వేలు పెట్టి సూడమ్మా సరిగా ఉందో లేదో అని నవ్వింది. కొన్నాళ్ళకు ఆమె కూడా మామ వెనకాలే వెళ్ళిపోయింది.

మొన్న తమ్ముణ్ణి చూసి తిరిగొస్తూ, మనసు ఆగక చెరువు స్టేజీలో దిగాను. గట్టు మీద గోడకు ఇప్పుడు కట్టుబాట్లన్నీ పెద్ద అక్షరాలతో రాయించారు. చేపపిల్లలు ఎక్కడినుంచో పాలిథిన్ సంచుల్లో వ్యాన్ల మీద వస్తున్నాయట. వంక కంపచెట్లతో పూడుకుపోయింది, చేపలు ఎదురెక్కడం చూసినవాళ్ళు తక్కువ. మా వీధిలో మగ్గాలు ఒకటీ అరా మిగిలాయి, అమావాస్య అయితే అందరికీ ఒక మామూలు రోజు. ఇవన్నీ తలుచుకుంటే గుండె బరువెక్కే మాట నిజమే. కానీ బండల మీద కూర్చున్న ఆ బస్సు కుర్రవాడు గాలానికి పడిన చిన్న చేపను విప్పి, దాని మొహం చూసి నవ్వి నీళ్ళలోకి వదలడం నేను కళ్ళారా చూశాను. వాడికి మా మామ తెలియదు, అత్త తిట్లు తెలియవు. నన్ను గుర్తుపట్టి, "ఏం అవ్వా, నువ్వూ గాలం ఏస్తావా?" అన్నాడు. తూము దాకా చెయ్యి పట్టుకుని దించమన్నాను, దించాడు.

ఇనుప జాలీ తుప్పు పట్టింది గానీ గట్టిగానే ఉంది. నీళ్ళకు పైనున్న ఒక కంటిలో నా చిటికెన వేలు పెట్టి చూశాను. కీళ్ళు లావెక్కాయి కదా, గోరు దాటి లోపలికి పోలేదు. ఆ పక్కన, జాలీకి ఇవతల, చేపపిల్లలు తిరుగుతున్నాయి. ఆటకు పోనీయలేదని గునుస్తూ మా నాయన పక్కన కూర్చున్న ఆ పిల్ల వేలు అక్కడ ఇంకా అట్లాగే, అంతే సన్నగా ఉంది.